వస్తువే వస్తువైనప్పుడు

వస్తువు, శిల్పం - మన సాహిత్య విమర్శలో ఈ రెండూ బాగా నలిగిన మాటలు. కవి ఏం చెప్పాడన్నది వస్తువనీ, ఎలా చెప్పాడన్నది శిల్పమనీ విద్యార్థులకు నూరిపోస్తాం. వస్తువు ముందా, శిల్పం ముందా అని సభల్లో గంటలకొద్దీ వాదించుకుంటాం. అయితే జనం వాడుకలో ఈ మాటలకు వేరే అర్థాలున్నాయి. వస్తువంటే చేతికి తగిలే సామాను. శిల్పమంటే రాతిలోనో కర్రలోనో ఇనుములోనో మలిచిన బొమ్మ. ఈ రెండు అర్థాలూ కలిసే కళ ఒకటుంది. పాతబడ్డ సామాన్లనూ, పారేసిన సామాన్లనూ ఏరి, కూర్చి, అతికి, కట్టి, రంగు పూసి చేసే చిత్రాలూ బొమ్మలూ ఆ కోవలోవి. దాన్ని కూర్పు కళ అందాం. అది డ్రాయింగు మాష్టారి వ్యవహారంలే అని సాహిత్యం వాళ్లం పక్కన పెట్టేస్తాం. నేనూ అలా పక్కన పెట్టినవాణ్ణే. అందువల్ల ఒక తప్పు చేశాను. ఆ తప్పుతోనే మొదలుపెడతాను.

మండవల్లి ప్రాంతంలో ఒక బడిలో కొంతకాలం కిందట పిల్లలకు పోటీ పెట్టారు. పనికిరాని వస్తువులతో కళాఖండాలు చెయ్యడం పోటీ. శీర్షికలూ నినాదాలూ దిద్దడానికి పనికొస్తాననుకున్నారో ఏమో, తెలుగు మాష్టారినైన నన్ను న్యాయనిర్ణేతల్లో ఒకడిగా కూర్చోబెట్టారు. ప్లాస్టిక్ సీసాలు కోసి చేసిన నెమలి వచ్చింది. గాజుపెంకులు అతికిన భారతదేశ పటం వచ్చింది. ఐస్‌క్రీము పుల్లల ఇల్లు వచ్చింది. ఒక్కొక్కదాని కింద పరిశుభ్రత గురించో పర్యావరణం గురించో ఒక నినాదం ఉంది.

తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి తెచ్చిన అట్ట మాత్రం వేరుగా ఉంది. రొయ్యల మేత సంచి ఒకటి విప్పి అట్టకు బిగించింది. దాని మీద నీలమూ బురదరంగూ కలిపి పూసింది. సంచి మీది అచ్చు అక్షరాలు సగం చెరిగి, సగం కనబడుతున్నాయి. పైన ఒక చినిగిన వల ముక్క పరిచింది. పై అంచున బెండ్లు, కింది అంచున సీసపు గుళ్లు అలాగే ఉన్నాయి. ఒక మూల తెగిన రబ్బరు చెప్పు. నినాదం లేదు.

"దీని సందేశం ఏమిటమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "వలండి" అంది. నేను కాగితం మీద 'సందేశం స్పష్టంగా లేదు' అని రాసి మార్కులు తగ్గించాను. మొదటి బహుమతి నెమలికి వెళ్లింది.

పోటీ అయ్యాక అట్టలన్నీ గోడవారగా చేర్చారు. ఆ పిల్ల వచ్చి వల ముక్కను ఒక్కో కుట్టూ విప్పుకుంటోంది. ఎందుకని అడిగాను. "బీరపాదు చుట్టూ కట్టాలండి, మేకలు రాకుండా. రెండ్రోజులకని అమ్మ ఇచ్చింది" అంది. పనికిరాని వస్తువులే కదా తెమ్మన్నది అన్నాను. "చేపలకి పనికిరాదండి. మా ఇంట్లో అసలు పనికిరానివంటూ ఏమీ లేవండి" అంది. అప్పుడు వల దగ్గరగా చూశాను. తెగినచోటల్లా ముడులున్నాయి. తెల్లదారం ముడులు తాతవట, నీలివి నాన్నవట. కొసన వదులుగా ఉన్న పచ్చదారం ముడి తనదట. ఆ ముడులు నేను మార్కులు వేసినప్పుడూ అక్కడే ఉన్నాయి. చూడలేదు. కింద నినాదం కోసం వెతికాను.

ఇది ఒక్క పోటీకి సంబంధించిన పొరపాటు కాదు. మన విమర్శ అలవాటులోనే ఈ పొరపాటు ఉందని నా అనుమానం. అందుకే ఈ వ్యాసం.

కూర్పు కళ చరిత్రను క్లుప్తంగా గుర్తుచేసుకుందాం. 1912లో పికాసో ఒక చిత్రంలో పేము అల్లిక బొమ్మ అచ్చువేసిన మైనపుగుడ్డ ముక్కను అతికించి, చుట్టూ చట్రం బదులు తాడు బిగించాడు. చిత్రకారుడు వస్తువును పోలిన బొమ్మ గియ్యడం మాని, వస్తువునే తెచ్చి పెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, 1919లో, జర్మనీలో కుర్ట్ ష్విట్టర్స్ వాడిపారేసిన టిక్కెట్లూ, కాగితాలూ, చెక్కముక్కలూ ఏరి చిత్రాలు కూర్చడం మొదలుపెట్టాడు. ఆ దేశంలోనే జాన్ హార్ట్‌ఫీల్డ్ పత్రికల ఫోటోలను కత్తిరించి, అతికి, హిట్లరు మీద ఆయుధాలుగా మార్చాడు. 1942లో, పారిస్ జర్మను సైన్యం చేతిలో ఉన్నప్పుడు, పికాసో పాత సైకిలు సీటునూ హ్యాండిలునూ కలిపి ఎద్దు తల చేశాడు. 'అసెంబ్లాజ్' అనే పేరును 1953లో ద్యుబుఫే వాడాడు. 1961లో న్యూయార్కు ఆధునిక కళా ప్రదర్శనశాల ఆ పేరుతోనే పెద్ద ప్రదర్శన పెట్టింది. మ్యూజియం గోడెక్కాక ఆ కళకు మర్యాద వచ్చింది. దాని కోపం కొంత తగ్గింది కూడా.

ఇదంతా పడమటి దేశాల సరుకని మనం అనుకోనక్కర్లేదు. కూర్పు మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. మన అమ్మమ్మలు పాతచీరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంత అంతకన్న ఏమిటి? కొండపల్లి బొమ్మను ఒకే చెక్కలో మలచరు. తెల్లపొణికి కర్రతో ముక్కలు చేసి, చింతగింజల పొడీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. కాని ఈ రెంటికీ మధ్య ముఖ్యమైన తేడా ఒకటుంది. కొండపల్లి బొమ్మలో అతుకు కనబడకూడదు. మక్కు దాన్ని కప్పుతుంది, రంగు మక్కును కప్పుతుంది. బొంతలో అతుకు కనబడుతుంది. ఇది పెళ్లిచీర అంచు, ఇది పురుటినాటి చీర అని ముసలమ్మలు వేలుపెట్టి చూపిస్తారు. ఒకటి అతుకును దాచే కళ, రెండోది అతుకును చూపే కళ. రెండూ గొప్పవే. అయితే కూర్పు కళ ప్రాణం రెండోదాంట్లో ఉంది. పికాసో ఎద్దు తలను చూడండి. సీటు ఎద్దు ముఖమైంది, అయినా సీటుగా ఉండడం మానలేదు. చూసేవాడి కన్ను ఆ రెంటి మధ్యా తిరుగుతూ ఉంటుంది.

ఇక్కణ్ణించి మనకొక కొలబద్ద దొరుకుతుంది. కూర్పులో చేరిన వస్తువు తన పూర్వజన్మను మరిచిపోయిందా, గుర్తుంచుకుందా? మరిచిపోతే అది ముడిసరుకు మాత్రమే. గుర్తుంచుకుంటే అదే వస్తువు, అంటే సాహిత్య పరిభాషలో మనం చెప్పుకునే వస్తువు.

ఈ కొలబద్దతో మనకు దగ్గరలోనే ఉన్న తెనాలి శిల్పాలను చూడవచ్చు. అక్కడి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత ఇనుముతో చేసిన విగ్రహాలు దేశమంతటా పేరు తెచ్చుకున్నాయి. వేలాది నట్లతో ధ్యానముద్రలో ఉన్న గాంధీ విగ్రహం చేశారు. 2021లో ప్రధాని మోదీ విగ్రహాన్ని 14 అడుగుల ఎత్తున చేశారు. ఆ పనితనాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. వంకరటింకర ఇనుపముక్కల్లోంచి ఒక మనిషి పోలిక రాబట్టడం కఠినమైన విద్య. కాని విమర్శకుడు ఇంకో ప్రశ్న వెయ్యాలి. ఆ నట్టు ఏ లారీలో తిరిగింది, ఏ మెకానిక్కు చేతిలో బిగిసింది అన్న సంగతి ఆ విగ్రహంలో మనకు తడుతుందా? దూరం నుంచి చూస్తే నాయకుడు కనబడతాడు. దగ్గరికి వెళితే 'అబ్బ, ఇన్ని నట్లా!' అని అంకెను చూసి అబ్బురపడతాం. శ్రమచేసిన చేతులు ఈ రెండు చూపుల మధ్యా జారిపోయే ప్రమాదం ఉంది. సరుకులో గడ్డకట్టిన శ్రమ కంటికి కనబడదని మార్క్స్ చూపించాడు. పాత సరుకు అరుగుదలలో, తుప్పులో, సొట్టలో ఆ శ్రమ మళ్లీ పైకి తేలుతుంది. అలా తేలిన శ్రమను నాయకుడి పోలిక కింద మళ్లీ కప్పెయ్యడం దేనికి?

వేరే దారి ఉందనడానికి రెండు ఉదాహరణలు. చండీగఢ్‌లో నేక్‌చంద్ అనే రోడ్డు ఇన్‌స్పెక్టరు, కొత్త నగరం కోసం పడగొట్టిన పల్లెల శిథిలాలు ఏరుకొచ్చి, ఏళ్ల తరబడి ఎవరికీ తెలియకుండా ఒక తోట కట్టాడు. పగిలిన గాజులూ, కుండపెంకులూ అక్కడ మనుషులుగా బారులు తీరి నిలబడ్డాయి. 1976లో దాన్ని జనానికి తెరిచారు. తిన్నని గీతల నగరం పక్కనే, ఆ నగరం కింద పడిపోయిన ఊళ్లు అలా లేచి నిలబడ్డాయి. రెండోవాడు ఘనాలో పుట్టి నైజీరియాలో పనిచేసిన ఎల్ అనత్సుయి. వేలాది సారాసీసాల అల్యూమినియం మూతలను రాగితీగతో కుట్టి, గోడంత వస్త్రాలు చేశాడు. దూరానికి రాజుల పట్టుబట్టలా మెరుస్తుంది. దగ్గరికి వెళితే అది సారామూత. ఐరోపా వర్తకులు సారా ఇచ్చి మనుషుల్ని కొన్న చరిత్ర ఆ మూతలోనే ఉంది. అతను కింద నినాదం రాయలేదు. వస్తువును సరిగ్గా ఎంచాడు, అతుకును దాచలేదు.

ఇప్పుడు మళ్లీ కొల్లేటికి వద్దాం. చెత్తకు కూడా ఒక భూగోళం ఉంది. బుడమేరు, తమ్మిలేరు కొల్లేట్లోకి వస్తాయి, ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి దారి. పైన పట్టణాలు వదిలింది దిగువన సరస్సులో తేలుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడను ముంచినప్పుడు ఆ నీళ్లకూ దారి ఇటే. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో చెరువుల గట్లు పేల్చారు. ఈ తేదీల మధ్య తాటిదోనె మీద వేటాడి బతికిన కుటుంబాలు చెరువుల కింద కూలికి చేరాయి. అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' నవలలో ఆ పాత కొల్లేరు జ్ఞాపకాలుగా పరుచుకుంటుంది. ఆ పిల్ల అట్ట మీద కూడా అదే కథ ఉంది. వెనక మేత సంచి, ముందు వల. అంటే వెనక చెరువు, ముందు సరస్సు. చినిగింది ఏదో, సగం అక్షరాలతో ఇంకా గట్టిగా నిలిచింది ఏదో కళ్లకు కట్టినట్టుంది. సందేశం స్పష్టంగా లేదని రాసినవాణ్ణి నేను!

పనికిరాని వస్తువు అనే మాటను కూడా పరీక్షించాలి. ఎవరికి పనికిరానిది? కొని పారేసే స్తోమత ఉన్న ఇంట్లోనే చెత్త పుడుతుంది. లేని ఇంట్లో వల పాదుకు కంచె అవుతుంది, చీర బొంత అవుతుంది, డబ్బా దీపం అవుతుంది. చెత్త తయారుచేసేవాణ్ణి వదిలిపెట్టి, ఏదీ పారెయ్యని ఇంటి పిల్లలకు పరిశుభ్రత బోధించే కళను అభ్యుదయ కళ అనలేం. సీసాల నెమలి కోసం రెండు ఇళ్లవాళ్లు కొత్త సీసాలు కొన్నారని తర్వాత తెలిసింది.

"మీరు చెప్పిన ముడుల కథ ఆ పిల్ల నోటితో చెబితే తెలిసింది. అట్టలో ఉందా?" అని మిత్రులొకరు నన్ను నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. తాత, నాన్న అన్న పేర్లు అట్టలో లేవు. కాని మూడు రంగుల దారాలున్నాయి. రెండు రకాల బిగువూ, ఒక వదులూ ఉన్నాయి. ఒకటి కంటే ఎక్కువ చేతులు ఈ వలను బతికించాయని చెప్పడానికి అవి చాలు. అలాగని ఆ అట్టలో లోపం లేదనను. ఆ తెగిన చెప్పు అనవసరం. ఎందుకు పెట్టావని అడిగితే, "ఆ మూల ఖాళీగా ఉందండి" అంది. మన కథల్లో కూడా ఖాళీ మూలల్లో ఇలాంటి తెగిన చెప్పులు ఎన్నో ఉన్నాయి. దగ్గే తండ్రి, ఆరిన పొయ్యి, చిరిగిన చొక్కా. అవి పేదరికానికి గుర్తులుగా బయటినుంచి తెచ్చి పెట్టినవి. ముడులు అలా కాదు. అవి ఆ వలలోనే పుట్టాయి.

రచయితలకు ఈ కళ నేర్పే పాఠం ఇదేనని నా అభిప్రాయం. చిన్న వస్తువేదీ కవిత్వానికి తక్కువది కాదని శ్రీశ్రీ 'ఋక్కులు'లో ఏనాడో ప్రకటించాడు. మనం ఆ ప్రకటనను పరీక్షలకు కంఠతా పట్టించాం కాని, వస్తువును పట్టుకుని ముడులు లెక్కపెట్టడం మరిచాం. శిల్పమే చాలనేవాళ్లు వస్తువు ఎవరిదో అడగరు. సందేశమే చాలనేవాళ్లు వస్తువును చూడనే చూడరు. నేను రెండో జట్టులో కూర్చుని ఇరవయ్యేళ్లు పేపర్లు దిద్దాను.

ఆ అట్ట ఇప్పుడు లేదు. మేత సంచి మిగిలింది. వల బీరపాదుకు చేరింది. ఆ దారిన వెళ్లినప్పుడు చూశాను. తీగ ముడుల మీదుగా ఎగబాకుతోంది. కంచెకు ఇంకో చోట కొత్తగా పచ్చదారం ముడి పడింది. ఈసారి గట్టిగానే వేసింది.