మిగతా సగం గోడ దగ్గర

షోరూములో స్ప్లిట్ ఏసీ కొని బిల్లు కట్టినా, మన చేతికి వచ్చేది సగం ఏసీనే. ఇన్‌డోర్ ఒక డబ్బాలో, ఔట్‌డోర్ ఇంకో డబ్బాలో, రాగి పైపు చుట్టగా విడిగా వస్తాయి. ఈ మూడింటినీ కలిపి ఒక యంత్రంగా చేసేది మన ఇంటి గోడ దగ్గర నిచ్చెనెక్కిన మెకానిక్. ఫ్రిజ్‌కి ఈ బాధ లేదు. ఫ్యాక్టరీలోనే గ్యాసు పట్టి, సీలు వేసి పంపుతారు, మనం ప్లగ్గు పెట్టుకుంటే చాలు. విండో ఏసీ కూడా అంతే. స్ప్లిట్‌కి మాత్రం లోపల రెండు, బయట రెండు, మొత్తం నాలుగు అతుకులు ఇంటి దగ్గరే పడాలి. ఈ ఏసీ వల్ల మనకొచ్చే సుఖమంతా ఆ నాలుగు అతుకుల మీదే నిలబడి ఉంటుంది. ఈ మాట నేను నమ్మి చెబుతున్నాను. చుట్టాలిళ్లలో, స్నేహితులిళ్లలో ఏసీ బిగిస్తుంటే పక్కన నిలబడి చూడటం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు.

ముందు ఆ సుఖం సంగతి చూద్దాం. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో పిల్లల దగ్గర కొన్నాళ్లుండి వచ్చిన పెద్దవాళ్లను అడగండి. అక్కడ చాలా ఇళ్లలో చల్లదనం ఒకేచోట పుట్టి, రేకు గొట్టాల్లోంచి అన్ని గదులకూ పోతుంది. హాల్లో ఉన్న మీట మీద ఒక అంకె పెడితే ఇల్లంతటికీ అదే అంకె. అల్లుడికి ఉక్కగా ఉంటుంది, అత్తగారు స్వెట్టరు వేసుకుంటుంది. మనుషులున్నదొక గదిలో, చల్లబడేది నాలుగు గదులు. పైగా ఆ గొట్టాలు చాలాచోట్ల పైకప్పు కింద అటక లాంటి చోటులోంచి వెళ్తాయి. ఎండాకాలం అక్కడ నిప్పులకొలిమే. గొట్టాల అతుకుల్లోంచి చల్లగాలి కారిపోయి, దారిలో వేడెక్కి, చల్లబరచడానికి అయ్యే కరెంటులో 30 శాతానికి పైగా వృథా కావచ్చని అమెరికా ఇంధన శాఖే చెబుతోంది.

మనవి స్లాబు ఇళ్లు. గొట్టాలు దాచడానికి అటకా లేదు, అంత ఖర్చు పెట్టే ఉద్దేశమూ మనకు లేదు. 1960లలో జపాన్‌వాళ్లు చిన్న గదుల ఇళ్ల కోసం యంత్రాన్ని రెండు ముక్కలు చేసి, చప్పుడు చేసే కంప్రెసర్‌ని బయటపెట్టి, చల్లబరిచే భాగాన్ని లోపల పెట్టిన పద్ధతి మన ఇళ్లకు చక్కగా అమిరింది. ఏ గదిలో మనిషి ఉంటే ఆ గదే చల్లబడుతుంది. అమ్మ గదిలో 27, పిల్లల గదిలో 24 పెట్టుకోవచ్చు. గోడకు రెండున్నర, మూడు అంగుళాల రంధ్రం చాలు. కిటికీ కిటికీలాగే ఉంటుంది, వెలుతురు పోదు. 1980ల మొదట్లో జపాన్‌లోనే ఇళ్లలోకి వచ్చిన ఇన్వర్టర్ పద్ధతి దీనికి తోడైంది. పాత కంప్రెసర్ ఆగితే ఆగడం, నడిస్తే పూర్తి వేగంతో నడవడం. ఇన్వర్టర్‌ది గది చల్లబడ్డాక నెమ్మదించి, కావలసినంతే తిరుగుతుంది. రాత్రంతా వేసుకునేవాళ్లకు బిల్లులో తేడా తెలిసేది ఇక్కడే.

కూలర్ సరిపోదా అంటే, అది ఊరినిబట్టి. నిజామాబాద్, రామగుండం వైపు ఎండ పొడిగా ఉంటుంది కాబట్టి మే నెలలో కూలర్ బాగానే పనిచేస్తుంది. విజయవాడలోనో కాకినాడలోనో అదే కూలర్ పెడితే ఉక్కపోత ఇంకా పెరుగుతుంది. అక్కడి గాలిలో అప్పటికే తేమ ఉంది, కూలర్ మరింత తేమ కలుపుతుంది. ఏసీ తేమను బయటికి లాగేస్తుంది. ఔట్‌డోర్ పక్కన సన్నగా కారే ఆ నీళ్ల గొట్టం కింద బక్కెట్టు పెట్టి చూడండి. కోస్తాలో ఒక్క రాత్రి గాలిలోంచి ఎన్ని నీళ్లు తీసిందో తెలుస్తుంది. ఆ నీళ్లన్నీ లేకపోతే మన ఒంటిమీద చెమటగా నిలిచి ఉండేవి.

ఇక బిగించే పని. విజయవాడలో మా పిన్ని ఇంట్లో ఆ పని చేసిన మెకానిక్ యాభై దాటిన మనిషి. వచ్చీరాగానే గోడకు రసమట్టం పెట్టి గీత గీశాడు. రంధ్రం బయటివైపుకు కాస్త వాలుగా కొట్టాడు. ఆ వాలు లేకపోతే నీళ్లు బయటికి పోకుండా వెనక్కి వచ్చి మంచం మీద కారతాయి. ‘ఏసీ నీళ్లు కారుతోంది’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ వాలులోనే ఉంటుంది. తర్వాత రాగి పైపు తీశాడు. రంపంతో కోయలేదు. చిన్న చక్రమున్న కట్టరు పైపుకు తగిలించి, తిప్పుతూ, కాస్త కాస్త బిగిస్తూ తెగ్గొట్టాడు. తెగిన అంచు లోపల నిలిచే సన్నటి రాగి పొరను గీకేటప్పుడు పైపు మూతి నేలవైపుకు వంచి పట్టుకున్నాడు.

“ఎందుకలా వంచి పట్టుకున్నారు?” అని అడిగాను.

“పొడి లోపలికి పడకూడదు సార్. పడితే తిరిగి తిరిగి కంప్రెసర్లోకే పోద్ది.”

ఇత్తడి నట్టు ముందే పైపుకు ఎక్కించి, అప్పుడు ఫ్లేరింగ్ టూల్‌లో పైపు బిగించి, శంకువు ఆకారంలో ఉన్న మొనను నెమ్మదిగా దింపాడు. రాగి అంచు గరాటులా విచ్చుకుంది. దాన్ని వెలుతురుకు పట్టి చుట్టూ తిప్పి చూశాడు. చీలిక లేదు, గీత లేదు, అంచు అన్నివైపులా ఒకే వెడల్పు ఉంది. అయినా మొదటిదాన్ని తెగ్గొట్టి పారేసి మళ్లీ చేశాడు. నాకు రెండింటికీ తేడా కనిపించలేదు, ఆయనకు కనిపించింది. రెండో దానికి వేలితో కాస్త ఆయిల్ రాసి, నట్టు చేత్తోనే చివరిదాకా తిప్పి, అప్పుడు రెండు స్పానర్లు పట్టాడు. ఒకటి కదలకుండా ఆపడానికి, ఇంకొకటి బిగించడానికి. తక్కువ బిగిస్తే గ్యాసు కారుతుంది, ఎక్కువ బిగిస్తే మెత్తటి రాగి నలిగి చీలుతుంది. ఆ మధ్యనున్న సరైన బిగువు చేతికి తెలియాలి. టార్క్ రెంచి ఉంటే ఇంకా మేలు.

“ఇంతసేపా నాయనా? పక్కింట్లో గంటలో అయిపోయింది” అంది పిన్ని, కాఫీ ఇస్తూ.

“వ్యాక్యూమ్ కొట్టాలమ్మా. అది కొట్టకుండా ఇవ్వను” అన్నాడాయన.

నా దృష్టిలో ఈ పనికంతటికీ ప్రాణం ఆ వ్యాక్యూమే. అతుకులు పడ్డాక పైపుల్లో, ఇన్‌డోర్ చుట్టల్లో మామూలు గాలి, దాంతోపాటు తేమ ఉండిపోతాయి. గ్యాసును కంపెనీవాళ్లు ఔట్‌డోర్‌లో బంధించి పంపుతారు. ఆ గ్యాసును వదిలేలోపు గాలినీ తేమనూ పంపుతో లాగేయాలి. పీడనం తగ్గేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. 30 డిగ్రీల గదిలో, మామూలు గాలి పీడనం దాదాపు 24వ వంతుకు పడిపోతే చాలు, నీళ్లు వాటంతటవే మరిగి ఆవిరైపోతాయి. పంపు ఆ ఆవిరిని లాగేస్తుంది. గేజిలో ముల్లు సున్నా దాటి వెనక్కి, మైనస్ ముప్పై దాకా వెళ్లింది. అక్కడికి చేరగానే ఆయన ఆపలేదు. చాలాసేపు నడవనిచ్చి, అప్పుడు వాల్వు మూసి, పంపు ఆపి, ముల్లునే చూస్తూ కూర్చున్నాడు. ముల్లు కదిలితే ఎక్కడో కారుతున్నట్టు. కదల్లేదు. అప్పుడు అలెన్ కీతో ఔట్‌డోర్ వాల్వు తెరిచాడు. లోపల గ్యాసు పరుగెత్తిన చప్పుడు సన్నగా వినిపించింది.

వ్యాక్యూమ్‌కి పట్టే ఈ అరగంట చాలాచోట్ల ఎగిరిపోతుంది. పంపు తేకుండా, ఔట్‌డోర్ వాల్వు కాస్త తెరిచి, లోపలి గ్యాసుతోనే గాలిని బయటికి తోసేస్తారు. పైకి పని అయినట్టే ఉంటుంది, గదీ చల్లబడుతుంది. కానీ తేమ లోపలే మిగులుతుంది. కొత్త ఏసీల్లో వాడే ఆయిల్ తేమను పీల్చుకునే రకం. తేమ కలిసిన ఆయిల్‌లో మెల్లగా ఆమ్లం పుట్టి కంప్రెసర్‌ని తినేస్తుంది. గాలి మిగిలితే పీడనం పెరిగి, అదే చల్లదనానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. పెట్టె మీద అయిదు నక్షత్రాలుంటాయి, గోడ మీద మూడే మిగులుతాయి. మూడు నాలుగేళ్లకు ‘కంప్రెసర్ పోయింది’ అన్నమాట వింటాం, తిట్లు కంపెనీకి పడతాయి.

ఇంకో మాట ఏటా వేసవిలో ప్రతి వీధిలోనూ వినిపిస్తుంది. ‘గ్యాసు అయిపోయింది, కొట్టించాలి.’ ఏసీ గ్యాసు బండిలో పెట్రోలు లాంటిది కాదు, వాడితే తరగదు. చుట్టూ తిరుగుతూ లోపలి వేడిని బయటికి మోస్తుందంతే. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు వెతకకుండా ఏటేటా గ్యాసు కొట్టించుకునే ఇల్లు ఏటేటా అదే డబ్బు గాలిలో కలుపుతోంది. ‘గ్యాసు తర్వాత, ముందు లీకు ఎక్కడో చూపించు బాబూ’ అని అడగడం మన హక్కు. సబ్బు నురగ రాసి బుడగ కోసం చూస్తే అతుకుల దగ్గరి లీకు చాలావరకు దొరికిపోతుంది.

అలా కారిన గ్యాసు ఎక్కడికీ పోదు, మన నెత్తిమీదే ఉంటుంది. పాత ఆర్-22 ఓజోన్ పొరను తినేది. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న ఆర్-32 ఆ పని చేయదు. కానీ భూమిని వేడెక్కించడంలో అది, బరువుకు బరువు, బొగ్గుపులుసు వాయువుకు 675 రెట్లు. ఒక ఏసీలో 800 గ్రాములు ఉందనుకుంటే, అదంతా కారిపోవడం 540 కిలోల బొగ్గుపులుసు వాయువు వదలడంతో సమానం. ఇలాంటి వాయువుల్ని తగ్గించుకుంటామని 2016లో కిగాలీలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి. మన దేశం 2047కల్లా 85 శాతం తగ్గించాలి. ఆ ఒప్పందం అమలయ్యేది ఢిల్లీలో ఎంతో, పైపు మూతి దగ్గర కూడా అంతే.

ఔట్‌డోర్ పెట్టే చోటు కూడా ఆలోచించాల్సిందే. అది లోపలి వేడిని బయటికి వదిలే యంత్రం. అపార్ట్‌మెంట్ల ఇరుకు సందుల్లో ఎదురెదురుగా పది ఔట్‌డోర్లు పెడితే, ఒకటి వదిలిన వేడిగాలిని ఇంకొకటి పీల్చుకుని అన్నీ ఆయాసపడతాయి. దానికి గాలి ఆడాలి, వీలైతే నీడ ఉండాలి, రేపు సర్వీసింగుకు మనిషి క్షేమంగా చేరగలగాలి. మన వేడిగాలి పక్కింటి కిటికీలోకి కొట్టకూడదు. ఏసీ లేని ఇల్లు అయితే మరీ కొట్టకూడదు.

స్ప్లిట్‌కి ఒక లోటుంది, అదీ చెప్పాలి. గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి కొత్తగాలి తేదు. కాబట్టి పొద్దున్నే కిటికీలు తెరవాలి. పదిహేను రోజులకోసారి ఫిల్టరు కడగాలి. 2020 నుంచి కొత్త గది ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా రావాలన్నది ప్రభుత్వ నియమం. అక్కడినుంచి పైకి జరిపే ఒక్కో డిగ్రీకి దాదాపు ఆరు శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య సంస్థ లెక్క. 26 పెట్టి ఫ్యాను చిన్నగా తిప్పుకుంటే సుఖంలో ఏమీ తగ్గదు.

2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 2,000 మందికి పైగా చనిపోయారు. పెద్దవాళ్లూ, ఎండలో పనిచేసేవాళ్లూ ఎక్కువ. అప్పటినుంచి వృద్ధులున్న ఇంట్లో ఒక చల్లటి గదిని విలాసమని నేను అనలేను. ఆ గదిని చల్లగా ఉంచే మనిషి మాత్రం అదే మే నెలలో, మిట్టమధ్యాహ్నం, అయిదో అంతస్తు గోడకు బెల్టు లేకుండా వేలాడుతుంటాడు. ఐటీఐలో రెండేళ్లు చదివి నేర్చుకునే విద్య అది. మనం దానికి ‘ఫిట్టింగ్ ఛార్జీ’ అని పేరు పెట్టి, అందులోనూ రెండొందలు తగ్గించమంటాం. రోజుకు ఆరిళ్లు తిరిగితే తప్ప గిట్టుబాటు కానివాడు వ్యాక్యూమ్ అరగంట ఎక్కడినుంచి తెస్తాడు?

ఈసారి ఏసీ కొనేవాళ్లను నేను కోరేది ఇంతే. మే దాకా ఆగకుండా జనవరి, ఫిబ్రవరిలోనే బిగించుకోండి. ధర ఖాయం చేసేటప్పుడే ‘వ్యాక్యూమ్ పంపు తెస్తారా?’ అని అడగండి, తెస్తే దాని డబ్బు విడిగా ఇవ్వండి. బెల్టు లేనిదే గోడ మీదికి వెళ్లొద్దని చెప్పండి. కంప్రెసర్‌కి పదేళ్ల వారంటీ అని కంపెనీలు రాసిస్తాయి. ఆ పదేళ్లూ ఏసీ నిజంగా నడవాలంటే, బిగించే రోజు మెకానిక్‌ని ఆ అరగంట తొందరపెట్టకండి.