లెక్కలో ఉన్నాం, చర్చలో లేం

చర్చ అనే మాట వినడానికి బాగుంటుంది. అందరూ మాట్లాడొచ్చు, ఎవరినైనా అడగొచ్చు, ఆఖరికి నిజం తేలుతుంది అంటారు. ఊరి రచ్చబండ గురించి కూడా మన సాహిత్యం ఇట్లాగే ముచ్చటపడి రాసుకుంది. అరుగు మీద కూచున్నదెవరు, కింద చేతులు కట్టుకొని నిలబడ్డదెవరు, అసలు ఆ పక్కకే రానీకుండా ఆపేసింది ఎవర్ని అనే లెక్క మాత్రం రాయలేదు. చర్చాపద్ధతిలో పాఠం చెప్పడాన్ని గొప్ప సంస్కరణగా మెచ్చుకునే మన విద్యావేత్తల్ని నేనడిగేది ఆ లెక్కే.

నేను తడ మండలంలోని ఒక అరుంధతీవాడ నుంచి చదువుకోడానికి బయటికొచ్చినవాణ్ణి. అప్పటికి తడ నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022లో తిరుపతి జిల్లాలో కలిపారు. తూర్పున పులికాట్ సరస్సు, దక్షిణాన కొంచెం దూరం పోతే తమిళనాడు, పడమట సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో 2008లో మొదలైన శ్రీసిటీ. ఆర్థికశాస్త్రం పుస్తకంలో చెప్పే భూమి, శ్రమ, పెట్టుబడి మూడూ కళ్ళెదుట కనపడే చోటు. 2009లో నేను డిగ్రీ చదివే కాలేజీలో మా ఎకనామిక్స్ సారు నోట్సు చెప్పి రాయించే పద్ధతి మానేశాడు. బెంచీలు గుండ్రంగా వేయించాడు. వారానికొక విషయం ఇచ్చి, "నేను చెప్పేది తక్కువ, మీరు మాట్లాడేది ఎక్కువ ఉండాల" అన్నాడు. మంచి మనిషి. మమ్మల్ని పేరు పెట్టి పిలిచేవాడు, ఎప్పుడూ చులకన చెయ్యలా. కాబట్టి నా విమర్శ ఆయన మీద కాదు. మంచి మనిషి చేతిలో కూడా ఆ పద్ధతి ఎట్లా పనిచేసిందనే దాని మీద.

మొదటి చర్చ శ్రమ విభజన. ఆడమ్ స్మిత్ 1776లో రాసిన గుండుసూదుల ఉదాహరణ అందరికీ తెలిసిందే. పనిని ముక్కలు చేసి పంచుకుంటే పదిమంది కలిసి రోజుకు 48,000 సూదులు తీస్తారు, పని నేర్వనోడు ఒక్కడే అంతా చేసుకోవాలంటే ఇరవై కూడా తీయలేడు. ఒక పిల్లోడు లేచి, మన కులవృత్తులు కూడా ఇట్లాంటివే కదా అన్నాడు. కుమ్మరికి కుండ, సాలెకు బట్ట, ఎవరి పనిలో వాళ్ళకు నైపుణ్యం. తలకాయలన్నీ ఊగినాయి. నేను లేచి, "మా తాత చెప్పులు కుట్టింది నైపుణ్యం కోసం కాదు సార్. ఇంకో పని చెయ్యనిస్తే గదా?" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలా. సారు దయగానే అన్నాడు: "మంచి అనుభవం చెప్పినావు. ఇంక సిద్ధాంతానికి వద్దాం."

ఆ రెండు మాటల మధ్య ఒక గీత ఉంది. వాడు చెప్తే సిద్ధాంతం, నేను చెప్తే అనుభవం. వాడిది విశ్లేషణ, నాది గోడు. గోడు విని సానుభూతి చూపించొచ్చు, జవాబు చెప్పాల్సిన పని లేదు. చర్చలో మా నోరు మూయించే పద్ధతి తిట్టడం ఒకటే కాదు. మెచ్చుకొని పక్కన పెట్టడం ఇంకా బాగా పనిచేస్తుంది.

ఆ గీత శాస్త్రంలో ఉన్నది కాదు, తరగతి గీసింది. కులాన్ని శ్రమ విభజనగా సమర్థించే వాదాన్ని అంబేద్కర్ 1936లో 'కులనిర్మూలన'లో విడగొట్టి చూపించాడు. మనిషి ఒక పని నుంచి ఇంకో పనికి మారే దారి మూసేస్తుంది గనక దేశంలో నిరుద్యోగానికి కులం ఒక కారణమని వాదించాడు. ఇది గోడు కాదు, శ్రమ మార్కెట్టు మీద ఆర్థికశాస్త్రం. సరే, అంబేద్కర్ సంగతి కాసేపు పక్కన పెడదాం. వాళ్ళు ఒప్పుకొనే స్మిత్‌నయినా పూర్తిగా చదివారా? అదే పుస్తకం మొదటి భాగం ఏడో అధ్యాయంలో స్మిత్ హిందుస్థానాన్ని, పురాతన ఈజిప్టును ఉదాహరణగా చూపిస్తాడు. కొడుకు తండ్రి పనే చెయ్యాలని మతం కట్టడి చేసిన చోట కూలిని సహజమైన రేటు కన్నా కిందికి తొక్కి, తరాల తరబడి అట్లాగే ఉంచొచ్చు అని ఆయన చెప్పేది. అంటే మా తాత సంగతి స్మిత్ పుస్తకంలోనే ఉంది. సూదుల కథ మొదటి అధ్యాయం. అది పాఠమయింది. ఏడో అధ్యాయంలో మేమున్న వాక్యం పాఠం కాలేదు. రెండూ ఒకే పుస్తకంలోవే. ఏది చర్చకు రావాలో చర్చకు ముందే ఎవరో ఏరి పెట్టారు.

రెండో చర్చ ఉమ్మడి వనరుల మీద. 2009 అక్టోబరులో ఎలినార్ ఆస్ట్రమ్‌కు నోబెల్ ప్రకటించారు. ఆర్థికశాస్త్రంలో ఆ బహుమతి అందుకొన్న మొదటి మహిళ. సారు పేపరు తెచ్చి చదివాడు. చెరువు, అడవి, మేతబీడు ఉమ్మడిగా ఉంటే ఎవరికి వాళ్ళు దోచుకొని నాశనం చేస్తారని గారెట్ హార్డిన్ 1968లో రాశాడు. అట్లా కానక్కర్లేదు, సర్కారూ కంపెనీ లేకుండా జనం తమ నియమాలు తాము పెట్టుకొని కాపాడుకోగలరని ఆస్ట్రమ్ 1990 నాటి పుస్తకంలో చూపించింది. మాకు చాలా సంతోషమయింది. మా పులికాటే దీనికి సాక్ష్యం కదా! సరస్సు దక్షిణాన, తమిళనాడు వైపు ముఖద్వారం దగ్గరి ఊళ్ళల్లో 'పాడు' అనే పద్ధతి ఉంది. రొయ్యలు బాగా పడే తావులు ఎవరికి ఏ రోజు అనేది వంతులేసుకొని, చీట్లు తీసుకొని పంచుకుంటారు. కొట్లాట లేదు, ఒక్కడే దోచుకోడానికి లేదు. సారు ఆ కథ చెప్తుంటే గది మొత్తం మురిసిపోయింది.

నేనడిగింది ఒకటే. "చీటీలో పేరెవరిది సార్?"

పేరు పట్టనవర్ కులం మగవాళ్ళది. కుల కట్టుబాటులో ఉన్నవాళ్ళకే వంతు. తరవాతి రోజుల్లో వల పట్టిన దళితులకు, ఇరుళర్లకు ఆ చీటీలో పేరు లేదు. మొలలోతు నీళ్ళల్లో వంగి, నోట బుట్ట కరుచుకొని, బురదలో చేతులతో తడిమి రొయ్యలు పట్టే ఆడవాళ్ళను సరస్సు గట్టున ఎవరైనా చూడొచ్చు. వాళ్ళు ఏ వంతులోనూ లేరు. ఒకడు లేచి, "వాళ్ళది ఆ వృత్తి కాదు కదా" అన్నాడు. మళ్ళీ గుండుసూది దగ్గరికే వచ్చినాం. సారు మాత్రం ఆలోచించి జవాబు చెప్పాడు. హక్కుదారులు ఎవరు, కానివాళ్ళు ఎవరు అనే హద్దు స్పష్టంగా ఉండాలి అనేది ఆస్ట్రమ్ చెప్పిన మొదటి సూత్రం, ఆ హద్దు ఉంది కాబట్టే సరస్సు బతికింది అన్నాడు.

జవాబు పుస్తకం ప్రకారం సరైందే. కాని ఆమె చెప్పినవి ఎనిమిది సూత్రాలు. మూడోదాంట్లో, నియమం ఎవరి మీద పడుతుందో వాళ్ళల్లో ఎక్కువమందికి ఆ నియమాన్ని మార్చే పనిలో పాలుండాలి అంటుంది. మొదటి సూత్రాన్ని కులం రాసి పెట్టాక మూడో సూత్రం ఎవరికి వర్తిస్తుంది? లోపలున్నోళ్ళకే. బయట నిలబడ్డవాళ్ళ మీద నియమం పడుతుంది, కాని వాళ్ళు 'ప్రభావితులు' కారు. మన ఊళ్ళో ఉమ్మడి అని పేరున్న ప్రతిదానికీ ఈ ప్రశ్న వెయ్యాలి. చెరువు ఉమ్మడి, బావి ఉమ్మడి, గుడి ఉమ్మడి, శ్మశానం ఉమ్మడి. ఎవరి ఉమ్మడి?

ఒక్కమాట స్పష్టంగా చెప్పాలి. పట్టనవర్లు పేదలే, వెనకబడ్డవాళ్ళే. సరస్సు మీద వాళ్ళకున్న హక్కును ఎవడో పెట్టుబడిదారుడు లాక్కోవాలని నేను కోరను. దళితులు, యానాదులు, ఇరుళర్లు, మత్స్యకారులు కలిసి నిలబడాల్సినవాళ్ళు. అంచేతనే చీటీలో పేరు గురించి ముందే మాట్లాడుకోవాలి. దాన్ని దాటేసి 'సమాజం' అని ముద్దుగా పిలుచుకుంటే ఆ ఐక్యత నిలవదు.

మూడో చర్చ భూమి ధర మీద. ప్రత్యేక ఆర్థిక మండళ్ళ చట్టం 2005లో వచ్చింది. మా ప్రాంతంలో ఎవరి నోట విన్నా అప్పుడు ఎకరా మాటే. ఇది ఏదో ఒక కంపెనీ సంగతి కాదు, దేశమంతటా వర్తించే చట్టం సంగతి కాబట్టి చట్టం వరకే చెప్తాను. భూమి ధరను రిజిస్ట్రేషన్ దస్తావేజులు చూసి కట్టాలా, రేపటి లాభాన్ని చూసి కట్టాలా అని పట్టాదారుల పిల్లలు గట్టిగా వాదించారు. మంచి వాదనే. మా వాడల్లో భూమి అంటూ ఉంటే అది చాలావరకు డి.కె.టి. పట్టా. సర్కారు ఇచ్చింది, 1977 చట్టం ప్రకారం అప్పటికి అమ్ముకోడానికి వీల్లేనిది. అట్లాంటి భూమి వెనక్కి తీసుకున్నా సొంత పట్టాభూమితో సమానంగా పరిహారం ఇయ్యాల్సిందేనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చేవెళ్ల కేసులో 2004లో చెప్పింది. ఆ తీర్పు గురించి మా తరగతిలో ఎవరికీ తెలియదు. అది మా భూముల తీర్పు కాబట్టి వాళ్ళకు అక్కర్లేకపోయింది.

మరి ఏ పట్టా లేనోళ్ళు? ఒకరి చేలో నాటు వేసి, కలుపు తీసి, కోత కోసి బతికేవాళ్ళు? ఇంటికాడ ఈ మాటొస్తే మా అమ్మ అనింది: "భూమి పోయినోడికి కాయితం ఉండాది నాయినా, కూలి పోయినోడికి యాడుంది కాయితం?" ఇంతకన్నా సూటిగా ఆస్తి హక్కుల సిద్ధాంతాన్ని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. తరగతిలో చెప్పాను. "అది సంక్షేమం కిందికొస్తుంది, ధర కిందికి రాదు" అన్నారు.

1894 నాటి భూసేకరణ చట్టం పోయి 2013లో కొత్త చట్టం వచ్చింది, 2014 జనవరి 1 నుంచి అమలయింది. సేకరణకు ముందు మూడేళ్ళుగా అక్కడ ఉంటూ ఆ పనుల మీదే బతికే, భూమిలేని వ్యవసాయ కూలీల కుటుంబాన్ని కూడా ఈ చట్టం 'ప్రభావిత కుటుంబం'గా లెక్కించింది. ఇది పోరాటాలు తెచ్చిన మాట, చిన్నది కాదు. కాని ఇంకో క్లాజు చూడండి. ప్రైవేటు కంపెనీకి భూమి సేకరించాలంటే 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యానికైతే 70 శాతం ప్రభావిత కుటుంబాల ముందస్తు సమ్మతి కావాలి. ఏ కుటుంబాల సమ్మతి? భూమి ఉన్న కుటుంబాలు, సర్కారు భూమి ఇచ్చిన కుటుంబాలు. ఆ రెండు రకాలే. కూలి కుటుంబం పునరావాసం లెక్కలో ఉంది, అవునా కాదా అని అడిగే లెక్కలో లేదు. సరిగ్గా మా తరగతి గది మాదిరే. హాజరు పట్టీలో పేరుంది, ఉపకారవేతనం లెక్కలో పేరుంది. ఏం చర్చించాలి, ఎట్లా తేల్చాలి అనే చోట లేదు. రిజర్వేషన్ల మీద చర్చ పెట్టినప్పుడు మాత్రం కళ్ళన్నీ మా మీదికి తిరిగేవి. అప్పుడు మేము సాక్షులం, కొన్నిసార్లు ముద్దాయిలం.

ఇట్లా అన్నానని చర్చను వదిలేసి మళ్ళీ నోట్సుకు పోదామని కాదు. నోట్సులో మేము అసలే లేము. చర్చ ఎట్లా ఉండాలో చెప్పడానికి అంబేద్కర్ జీవితంలోనే మూడు సంగతులున్నాయి. ఆయన చదువుకున్నది ఆర్థికశాస్త్రం అని మనవాళ్ళే మరిచిపోతుంటారు. 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో గోల్డెన్‌వైజర్ నడిపిన మానవశాస్త్ర సెమినార్‌లో, ఇరవయ్యైదేళ్ళ విద్యార్థిగా, కులాల పుట్టుక మీద పత్రం చదివాడు. ఎవరో ఇచ్చిన విషయం మీద రెండు నిమిషాలు లేచి మాట్లాడటం వేరు, పత్రం రాసుకొచ్చి అందరినీ దాని మీద మాట్లాడించడం వేరు. రెండోది 1923. రూపాయి సమస్య మీద ఆయన పుస్తకం లండన్‌లో వచ్చింది. దానికి ముందుమాట రాసిన ఎడ్విన్ కానన్ ఆయన గురువు. పుస్తకంలోని చాలా విమర్శలతో తాను ఏకీభవించనని ఆ ముందుమాటలోనే రాశాడు, అయినా ఆ ఆలోచనలో కొత్తదనాన్ని గుర్తించాడు. శిష్యుడి మాటను అనుభవమని పక్కన పెట్టలా. వాదమని ఎదురు నిలిచాడు. అంతకన్నా గౌరవం ఏముంటుంది? మూడోది 1936. లాహోరులో సంస్కర్తల సంఘం ఆయన్ని అధ్యక్షోపన్యాసానికి పిలిచింది. ఉపన్యాసం ముందుగా చదివి, మార్చమంది. ఆయన మార్చనన్నాడు, సభ రద్దయింది. ఆ ఉపన్యాసాన్ని ఆయనే అచ్చేయించుకున్నాడు. మనం చదువుకునే 'కులనిర్మూలన' అదే. పిలిచినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, కులం పోవాలన్నవాళ్ళే. కాని ఎంతవరకు మాట్లాడొచ్చో హద్దు వాళ్ళ చేతిలో ఉంది.

మా తరగతి ఈ మూడింటిలో ఏదో మీరే తేల్చుకోండి. సంవత్సరం చివర పరీక్ష పేపర్లో ఆస్ట్రమ్ లేదు, పులికాట్ లేదు, భూమి లేదు. నిర్వచనాలు రాయమన్నారు, స్మిత్ సూదుల లాభాలు రాయమన్నారు. ఏడాది పొడుగునా మాట్లాడిందంతా గాలికి పోయింది. ఇంట్లో ఇంగ్లీషు పేపరు, ట్యూషను ఉన్నవాళ్ళు రెండు చోట్లా గెలిచారు.

కాబట్టి విద్యార్థి సంఘాలు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. చర్చకు విషయం ఏరే పనిలో అన్ని వాడల పిల్లలూ ఉండాలి. మాట్లాడే ముందు ప్రతి ఒక్కరూ తెలుగులో ఒక పేజీ రాసుకొచ్చి చదవాలి. అప్పుడు గొంతు పెద్దదున్నోడి రాజ్యం తగ్గుతుంది, కాయితం మీదున్న మాటను 'అనుభవం' అని తోసెయ్యడం కష్టమవుతుంది. చర్చించినదాని మీద పరీక్షలో ప్రశ్న రావాలి. అంబేద్కర్‌ను రాజ్యాంగం పాఠానికే పరిమితం చెయ్యకుండా, చిన్న కమతాల మీద 1918లో రాసిన వ్యాసం, రూపాయి మీద రాసిన పుస్తకం ఆర్థికశాస్త్రం తరగతిలోకి రావాలి. ఇవి దానధర్మాలు కావు, ఆ శాస్త్రానికే కావాల్సినవి.

ఇది చదివే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక పని చెప్తాను. మీ కాలేజీలో భూమి పాఠం వచ్చిన రోజు, 2013 చట్టంలోని సమ్మతి క్లాజును కాయితం మీద రాసుకొనిపోయి బయటికి చదవండి. ఇందులో కూలికి పోయే మా అమ్మ యాడుందో చూపించండని అడగండి. జవాబు వచ్చేదాకా ఇంకో పాఠానికి పోనీయొద్దు.