గద్దపిల్ల అడిగిన మాట

'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్' నవలతో పిల్లలకు ఇంగ్లీషు మాటలు నేర్పవచ్చని ఒక శిక్షణలో మాకు చెప్పారు. చెప్పి ఊరుకోకుండా ఒక పదాల పట్టిక కూడా చేతిలో పెట్టారు. ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు అర్థం. రోజుకు పది చొప్పున అప్పజెప్పించుకోవాలి. పట్టికతోనే బడికి వచ్చాను గానీ, పుస్తకం మొత్తం చదివాక దాన్ని బీరువాలో పడేశాను. అలా మాటలు మోయడాన్ని ఎగతాళి చేయడానికే ఆ నవలలో సగం రాశారేమో అనిపించింది.

పుస్తకం తెలియని వారికి నాలుగు మాటలు. రాసినాయన లూయిస్ కారల్. అసలు పేరు చార్లెస్ డాడ్సన్, ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కలు చెప్పేవాడు. 1862 జూలై 4న ముగ్గురు అక్కచెల్లెళ్లను పడవలో తీసుకెళ్తూ చెప్పిన కథ ఇది. 1865లో అచ్చయింది. ఆలిస్ అనే పిల్ల ఒక కుందేలు వెంటపడి దాని బొరియలో పడిపోతుంది.

పడుతూ పడుతూనే లాటిట్యూడ్, లాంగిట్యూడ్ అంటుంది. అర్థం తెలియదు, పలకడానికి గొప్పగా ఉన్నాయని పలుకుతుంది. భూమికి అవతలి వైపుకు పోతున్నాననుకుని, యాంటిపొడీస్ అనాల్సిన చోట యాంటిపతీస్ అంటుంది. అవతల తేలాక ఇది ఏ దేశమని ఎవరినైనా అడగాలి కదా అనుకుంటుంది. కానీ అడిగితే ఏమీ తెలియని పిల్ల అనుకుంటారు, అందుకని వద్దు, ఎక్కడైనా రాసి ఉంటే చూసుకుందాం అని సర్దుకుంటుంది.

ఇక్కడ నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మా పిల్లలు బడిలో చేరిన రోజు నుంచి చేసే పని ఇదే. నేనూ చేశాను. మా కోయలో ఏరు అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు. రెండో తరగతిలో ఒకరోజు లేచి నిలబడి "ఏరు తాగొస్తా సార్" అన్నాను. "ఏరంతా తాగేస్తావురా?" అని సారు నవ్వారు. ఊళ్లోని తెలుగు పిల్లలు నవ్వారు. వాళ్లను చూసి మావాళ్లూ నవ్వారు. ఆ ఏడాదంతా నేను బడిలో నీళ్లు అడగలేదు, ఇంటికెళ్లి తాగేవాణ్ణి. ఒకే మాటకు రెండు భాషల్లో రెండు అర్థాలున్నాయని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. డీఎడ్ చదివేటప్పుడు కూడా ఎవరూ ఆ నిమిషం ఖర్చు పెట్టలేదు.

కారల్ ఆ నిమిషం ఖర్చు పెట్టాడు. మూడో అధ్యాయంలో ఎలుక, తన కథ పొడుగైనదీ దుఃఖమైనదీ అంటుంది. ఇంగ్లీషులో కథనూ తోకనూ 'టేల్' అనే పలుకుతారు, రాసే తీరే వేరు. ఆలిస్ తోక అనుకుని, పొడుగు సరే, దుఃఖం ఎందుకు అని ఆలోచిస్తుంది. ఎలుక చెప్పే కథను కూడా తోకలా వంకరలు తిప్పి అచ్చువేశారు. మాకిచ్చిన పట్టికలో 'టేల్' ఎదురుగా 'కథ' అని మాత్రమే ఉంది. తోక లేకపోతే ఆ పేజీలో నవ్వే లేదు. నేను ముందు నా ఏరు సంగతి చెప్పి, తర్వాత ఎలుక తోక చూపించాను. పిల్లలు ఇట్టే పట్టుకున్నారు. ఆ రెండో మాటను ఎవరూ మర్చిపోలేదు.

ఆ అధ్యాయంలోనే అసలు విషయం ఉంది. పక్షులూ జంతువులూ నీళ్లలో తడిసి వణుకుతుంటాయి. డోడో అనే పక్షి పెద్దరికంగా లేచి, సభను వాయిదా వేయాలంటూ నోరు తిరగని మాటలతో ప్రతిపాదన పెడుతుంది. గద్దపిల్ల అడ్డుపడుతుంది. తెలిసే భాషలో చెప్పు, ఆ పొడుగు మాటల్లో సగానికి నాకు అర్థం తెలియదు, నీకూ తెలుసని నేను నమ్మను అంటుంది. కొన్ని పక్షులు కిసుక్కుమంటాయి. డోడో అంటే రచయితేననీ, గద్దపిల్ల అంటే ఆ పడవలోని ముగ్గురిలో చిన్నదైన ఈడిత్ అనీ చెబుతారు. పెద్ద మాటలు తన నోట పెట్టుకుని, ప్రశ్న చిన్నపిల్ల నోట పెట్టాడన్నమాట. మాస్టారుగా నాకు ఆయన మీద గౌరవం కలిగింది అక్కడే.

మన గ్రామసభల్లో ఈ గద్దపిల్ల ఉండి ఉంటే బాగుండేది. 2006 అటవీ హక్కుల చట్టం కింద క్లెయిమ్, తీర్మానం, అభ్యంతరం అంటూ కాగితాలు చదువుతుంటే మా పెద్దవాళ్లు తలలూపి వేలిముద్రలు వేశారు. అడిగితే తెలియనివాడు అనుకుంటారని. అదీ ఆలిస్ భయమే.

డోడో చెప్పిన కాకస్ రేసు అంటే ఏమిటని అడిగితే, చెప్పడం కంటే చేసి చూపడమే మేలంటాడు. అందరూ గుండ్రంగా పరుగెడతారు, ఎప్పుడు మొదలో ఎప్పుడు ఆఖరో లేదు, అందరూ గెలిచినట్టే. బహుమతులన్నీ ఆలిస్ జేబులోంచే తీస్తారు. చివరికి ఆమెకు మిగిలింది కుట్టుపనికి వేలికి పెట్టుకునే తొడుగు. దాన్నీ తీసుకుని, సభ మధ్యలో ఘనంగా మళ్లీ ఆమెకే బహూకరిస్తారు. పోడు పట్టాల పంపిణీ ఫొటోలు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కరలేదు.

కోర్టు ఘట్టం కూడా ఇలాంటిదే. కేకలు వేసిన గినీపందిని సంచిలో తలకిందులుగా దూర్చి, మూతి కట్టి, మీద కూర్చుంటారు. పేపర్లో చదివిన 'సప్రెస్' అనే మాటకు ఇదా అర్థం అని ఆలిస్ సంతోషిస్తుంది. నేను తెలుగులో 'అణచివేయడం' అని బోర్డు మీద రాయబోతుంటే ఎనిమిదో తరగతి అమ్మాయి అంది: "మూటగట్టి మీద కూర్చోవడమే కదా సార్." నిఘంటువు ప్రకారం అది తప్పే. నేను దిద్దలేదు.

పుస్తకంలో నాకు నచ్చనిది ఒకటుంది. రెండో అధ్యాయంలో పాఠాలు గుర్తురాక ఆలిస్ ఏడుస్తుంది. నేను మేబెల్‌నై పోయాను, ఇక ఆ ఇరుకు ఇంట్లో, బొమ్మలు లేకుండా బతకాలి అనుకుంటుంది. మేబెల్ అంటే ఏమీ రాని పిల్ల, ఆమెది ఇరుకు ఇల్లు. ఈ రెండూ ఎలా జతపడ్డాయో కారల్ అడగడు. ఆలిస్ గర్వాన్ని చూసి నవ్వాడు గానీ, మేబెల్ వైపు నుంచి ఒక్క ముక్క రాయలేదు. మా ఆశ్రమ పాఠశాలలో అందరూ మేబెల్‌లే. ఈ పేజీని దాటవేయకండి. నేను మొదటిసారి దాటవేశాను, మరుసటి ఏడాది చదివించాను. ఇల్లు చిన్నదైతే చదువు రాదా అని పిల్లలే లేచారు. ఆ వాదన రెండు పీరియడ్లు నడిచింది.

పద్యాలు మాత్రం వదిలేయవచ్చు. అవి ఆ కాలపు ఇంగ్లీషు పిల్లలు కంఠస్థం చేసిన నీతి పద్యాలకు వెక్కిరింపులు. అసలువి తెలియనిదే నవ్వు రాదు. ఎనిమిదో తరగతికి ముందు ఈ పుస్తకం వద్దు. మొదటి అధ్యాయాన్నీ, మేబెల్ పేజీ తప్ప రెండోదాన్నీ మీరే కథగా చెప్పేయండి, కోయలోనో, గోండీలోనో, మీ పిల్లలకు ఏది వస్తే అందులో. మూడో అధ్యాయం నుంచి పుస్తకం వాళ్ల చేతికివ్వండి.