కాంప్ డేవిడ్ ధ్వనిముద్రికలు : ఒక పాఠవిమర్శ

రాజుల ఏకాంత సంభాషణలు గ్రంథస్థములగుట మన వాఙ్మయమునకు క్రొత్త కాదు. "రాయవాచకము" అను తెలుగు వచనగ్రంథము ఒక స్థానాపతి తన ప్రభువునకు పంపిన విన్నపముగా నడచును. అందు కృష్ణదేవరాయలు, అప్పాజీ, వేగులవారు మన యెదుట కూర్చుండి మాటలాడుచున్నట్లే యుండును. చాలకాలము పండితులు దానిని రాయలనాటి ప్రత్యక్షసాక్ష్యముగా గైకొనిరి. అది రాయల నిర్యాణమునకు డెబ్బది యేండ్ల తరువాత, సుమారు 1600 ప్రాంతమున, మధుర నాయకుల నీడలో పుట్టినదని ఫిలిప్ వాగనర్ 1993లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. ఆ వాదమే సరియైనచో రాయల మాటలుగా మనము చదువునవి ఒక రచయిత కూర్చిన మాటలు. అందు మాటలాడించినవాడు కలడు గాని మాటలాడినవాడు లేడు.

దీనికి పూర్తిగా ఎదురైన గ్రంథ మొకటి ఇరువదవ శతాబ్దమున అమెరికాలో పుట్టినది. అందు ప్రభువు నోటినుండి వెలువడిన మాటయే, దగ్గుతో, తడబాటుతో, గాజుపాత్రల చప్పుడుతో సహా నిలిచియున్నది. కూర్చినవాడు మాత్రము లేడు. అది అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ రహస్యముగా పట్టించిన ధ్వనిముద్రికల సముదాయము. సుమారు 3,700 గంటల సంభాషణ. రాజకీయ చరిత్రకారులు దానిని నేరపరిశోధనకొరకు వినిరి. సాహిత్య విద్యార్థి దానిని మరియొక చెవితో వినవలసియున్నది. ఆ వినికిడికి కాంప్ డేవిడ్ భాగము మిగిలిన భాగములకంటె ఎక్కువ అనుకూలము.

కాంప్ డేవిడ్ మేరీలాండు రాష్ట్రమున కటాక్టిన్ కొండలపై నున్న అధ్యక్షుల విశ్రాంతిస్థలము. 1942లో రూజ్వెల్టు దానికి షాంగ్రి-లా అని పేరిడెను. 1953లో ఐసన్‌హోవర్ తన మనుమని పేర నేటి నామమును పెట్టెను. 1978లో బెగిన్, సాదత్‌లు పదమూడు దినములు అచటనే చర్చించి ఒప్పందమునకు వచ్చిరి. అధ్యక్షుడు దిగు ఇల్లు ఆస్పెన్ లాడ్జ్. వాషింగ్టనులోని కార్యాలయమున 1971 ఫిబ్రవరిలో మొదలైన రహస్యయంత్రము 1972 మేలో ఈ ఇంటి చదువుగదికిని, అచటి టెలిఫోనులకును ప్రాకినది. అమర్చినవారు అంగరక్షక విభాగమునకు చెందిన సాంకేతికులు. సంగతి తెలిసినవారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది. విదేశాంగ వ్యవహారములలో అధ్యక్షునకు కుడిభుజమైన కిసింజరునకు సైతము తెలియదు.

ఇచట ఒక విశేషమును గమనింపవలెను. రహస్యముగా మాటలు పట్టుట యన్నచో పట్టువాడు వేరు, పట్టుబడువాడు వేరు అని మనము తలతుము. నిక్సన్ విషయమున రెండును ఒక్కడే. యంత్రమును పెట్టించినవాడును అతడే, దానికి చిక్కినవాడును అతడే. యంత్ర మున్నదని అతనికి తెలియును. అయినను దినదినమును దానియెదుట మాటలాడి మాటలాడి మరచిపోయెను. కార్యాలయమున ఎవరో యొకరు వచ్చిన పని ఉండును, పనికి తగిన మాట ఉండును. కొండమీది ఇంట అట్లు కాదు. టెలిఫోను తీసి ఒక అనుచరుని పిలుచును, ఆనాటి ప్రసంగ మెట్లున్నదని అడుగును, పత్రికలవారిని తిట్టును, చెప్పినదే మరల చెప్పును, ఒక వాక్యమును సగములో విడిచి మరియొకదాని నెత్తుకొనును. 1972 నవంబరులో అఖండవిజయము సాధించిన పిమ్మట వారములకొలది అచటనే కూర్చుండి ఎవరిని ఉంచవలెను, ఎవరిని పంపవలెనని లెక్కలు వేసెను. గెలిచినవాని కంఠమున ఆనందము వినబడవలెను గదా! వినబడునది ఎక్కువగా అనుమానము. ఈ సంగతి ఏ చరిత్రగ్రంథముకంటెను ఆ కంఠస్వరమే స్పష్టముగా చెప్పును. కాగితముపై వ్రాసిన ప్రతిలో ఇది సగము చచ్చిపోవును.

ప్రతి యను మాట వచ్చినది గనుక పాఠవిమర్శలోనికి దిగుదము. తాళపత్రప్రతులను పరిష్కరించువారికి పరిచితములైన చిక్కులన్నియు ఇందు గలవు: పాఠభేదము, గ్రంథపాతము, లేఖకుని చేతివాటము. 1973 జూలై 16న అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్ సెనేటు సంఘము నెదుట యంత్రపు గుట్టు బయటపెట్టెను. రెండు దినములలో యంత్రము ఆగిపోయెను. 1974 ఏప్రిల్ చివర అధ్యక్షభవనము తానే వ్రాయించిన ప్రతిని, పన్నెండువందల పుటలకు పైబడినదానిని, ప్రకటించెను. అందు అశ్లీలపదము వచ్చినచోట నెల్ల "తిట్టు తొలగింపబడినది" అను అర్థముగల బ్రాకెట్టు పడినది. తిట్టుకంటె ఆ బ్రాకెట్టే పాఠకుల మనస్సులో ఎక్కువ చెడుగా నాటుకొనినది. ఊహకు హద్దులేదు గదా.

అంతకంటె ముఖ్యము పాఠభేదములు. ప్రతినిధిసభకు చెందిన న్యాయసంఘము అవే ముద్రికలను మంచి యంత్రములపై విని, ఎనిమిది సంభాషణలకు తన పాఠమును, అధ్యక్షభవనపు పాఠమును ప్రక్కప్రక్కన అచ్చొత్తించి 1974 జూలైలో ప్రకటించెను. 1973 మార్చి 22 నాటి సంభాషణలోని ఒక వాక్యమును చూడుడు. అధ్యక్షభవనపు పాఠము ప్రకారము అతడు దాపరికపు దారినుండి తొలగుటకు పట్టువిడుపులు కావలెననుచున్నాడు. సంఘపు పాఠము ప్రకారము దాపరికపు పథకమును ముందుకు నడుపుటకు అవి కావలెననుచున్నాడు. ఆంగ్లమున ఈ రెండింటికిని నడుమ భేదము రెండు మూడు చిన్నమాటలది. అర్థభేద మెంతయో చెప్పనక్కరలేదు. అదే సంభాషణలో సాక్షులు నోరు మెదపకుండవలెనని చెప్పు ఒక భాగము మొదటి పాఠమున లేనేలేదు. మన పూర్వపండితులు ఒక్క పద్యములో అరసున్న ఉన్నదా లేదా యని పత్రికలలో ఏండ్ల తరబడి వాదించుకొనిరని నవ్వువారున్నారు. ఇచట ఒక ప్రత్యయము వంటి మాటపై ఒక అధ్యక్షుని పదవి నిలిచినది. పాఠపరిష్కరణము వ్యర్థవ్యాసంగమని యెవరైన నన్నచో ఈ రెండు పాఠములను ప్రక్కప్రక్కన పెట్టి చూపవచ్చును.

గ్రంథపాతము మాట అందరు నెరిగినదే. 1972 జూన్ 20 నాటి ముద్రికలో పదునెనిమిదిన్నర నిమిషములు రొద తప్ప మాట లేదు. న్యాయస్థానము నియమించిన నిపుణులు అది ఒక్కసారి జరిగిన పొరపాటు కాదని, కనీసము ఐదుమార్లు చెరిపిన జాడ లున్నవని 1974 జనవరిలో తేల్చిరి. భివండిలో మరమగ్గము నడుపు ఏ కార్మికుని నడిగినను ఇది బోధపడును. పోగు తానుగా తెగినచో తెగినచోట ఒక్క ముడియే పడును. బట్టలో వరుసగా ఐదు ముడులు కనబడినచో అచట చేయి పడినదని ఆసామికి వేరుగా చెప్పనక్కరలేదు. చివరకు 1974 జూలై 24న సర్వోన్నతన్యాయస్థానము ముద్రికలను అప్పగింపవలసినదేయని ఏకగ్రీవముగా తీర్పిచ్చెను. ఆగస్టు 9న నిక్సన్ పదవి విడిచెను.

ఈ ముద్రికలు మనకు సంబంధింపని పరదేశపు గొడవ కాదు. 1971 నవంబరులో ఇందిరాగాంధి వాషింగ్టను వెళ్లి వచ్చినప్పుడు ఆమెను గూర్చియు, మన దేశీయులను గూర్చియు నిక్సన్, కిసింజర్‌లు వాడిన నీచపు మాటలు ఇందే యున్నవి. 2005లో ఆ భాగము వెలువడగా కిసింజర్ విచారము వెలిబుచ్చెను. ముఖస్తుతికిని చాటుమాటకును గల దూరము ఎంతయో మనకు తెలియజేసినది దౌత్యగ్రంథములు కావు, ఒక టేపు.

తెలుగువారిలోను ఒక "అధ్యక్షుడు" ఇట్లే చిక్కెను. హైదరాబాదువాడైన బంగారు లక్ష్మణ్ భారతీయ జనతాపార్టీకి అధ్యక్షుడైన మొదటి దళితుడు. ఆయుధవ్యాపారులమని చెప్పుకొని వచ్చిన తెహల్కా విలేఖరులు మరుగున నుంచిన కెమెరాతో ఆయన లక్షరూపాయలు తీసికొనుటను పట్టి 2001 మార్చి 13న లోకమునకు చూపిరి. ఆయన పదవి విడిచెను, 2012 ఏప్రిల్‌లో ప్రత్యేకన్యాయస్థానము శిక్ష విధించెను, 2014లో కన్నుమూసెను. విమర్శకునిగా నే ననదలచిన దొక్కటి. ఇది సంభాషణ వలె కనబడును గాని నిజమునకు నాటకము. ఎదుటివారు పాత్రధారులు, వారి మాటలు ముందే సిద్ధపరచినవి, ఒక్కనికి మాత్రము తాను వేదికపై నున్నట్లు తెలియదు. తీసికొనిన చేయి అబద్ధము కాదు. అయినను అచటి మాటను దినవ్యవహారపు మాటగా చదువరాదు. కాంప్ డేవిడ్ ముద్రికలలో ఎర లేదు, కథ లేదు. అందుచేతనే అవి వినుటకు విసుగు, అందుచేతనే నమ్మదగినవి.

భాషాశాస్త్రజ్ఞులకు ఈ సమస్య పాతది. పరిశీలింపబడనప్పుడు మనుష్యు లెట్లు మాటలాడుదురో తెలిసికొనవలెను, కాని పరిశీలింపక తెలిసికొనుట యెట్లు? విలియం లబోవ్ 1972లో, కొండమీది గదిలో ఆ యంత్రము తిరుగుచున్న సంవత్సరముననే, దీనిని పరిశీలకుని వైరుధ్యమని వర్ణించెను. మన భివండికి ఇది నేటి సమస్య. పద్మనగరులోని పెద్దలు కరీంనగరమునుండి, నల్లగొండనుండి, వరంగల్లునుండి తెచ్చుకొనిన తెలుగు వేరు. ఇచట పుట్టినవారి తెలుగున హిందీ, మరాఠీ పోగులు పేకయందు కలిసియుండును. ఆ పెద్దల మాట వారితోనే పోకుండ పట్టియుంచవలెనను ఉత్సాహవంతులు తెలియకుండ చరవాణిని ఒడిలో పెట్టి ముద్రించినచో నేమని అడుగుదురు. సాంచాల చప్పుడులో ఎట్లును ఏమియు పట్టదు గనుక టీకొట్టు దగ్గరనో అరుగు మీదనో పట్టవలెను. అచట వచ్చు మాట అత్యంత సహజమని వారి వాదము.

ఆ వాదమును నేను సమ్మతింపలేను. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువరించిన మాండలిక వృత్తిపదకోశమున చేనేత సంపుటము 1971లో వచ్చినది. ఆ పదములు నేతగాండ్రను అడిగి, వారు మగ్గమును చూపి చెప్పగా వ్రాసికొనినవి. మాటలాడినవారు తమ మాట గ్రంథమునకు పోవుచున్నదని యెరుగుదురు. దానివలన ఆ పదము లేమైన చెడినవా? నాడె నాడెగానే యున్నది, కండె కండెగానే యున్నది. పదమునకు రహస్య మక్కరలేదు. రహస్యము అవసరమగునది మనుష్యుని తీరు పట్టుటకు. అది పట్టువారికి ఆ మనుష్యునిపై అధికారము వచ్చును. అరుగు మీది ముసలవ్వ కోడలిని గూర్చి అనినమాట, అప్పిచ్చిన ఆసామిని గూర్చి అనినమాట మాండలిక పరిశోధన పేరిట ఊరంతయు తిరిగినచో ఆమె మరునాడు ఏ గడప తొక్కగలదు? నిక్సనునకు న్యాయవాదులుండిరి, ముద్రికలపై హక్కు నాకున్నదని జీవితాంతము వ్యాజ్యెములు నడపుటకు ధనముండెను. అతడు 1994లో మరణించిన తరువాత గాని ముద్రికలు వరుసగా బయటకు రాలేదు. ఆ ముద్రికలలో కుటుంబమునకు చెందిన స్వవిషయములను వేరుచేసి ప్రభుత్వము తిరిగి ఇచ్చివేసినది. ముసలవ్వకు అట్టి వేరుచేయు యంత్రాంగ మేదియు లేదు.

అడిగి పట్టినమాట కృతకమగు నన్న భయమునకు సమాధానముగా మన వాఙ్మయమున మంచి గ్రంథమే యున్నది. సూరి నాగమ్మగారు 1945 నుండి 1950 వరకు తిరువణ్ణామలై ఆశ్రమమున రమణమహర్షి దినవ్యవహారపు మాటలను అన్నగారికి లేఖలుగా వ్రాసిరి. వంటయింటి ముచ్చటలు, ఆవులు, కోతులు, వచ్చిపోవువారి ప్రశ్నలు. ఆమె జ్ఞాపకము నుండి వ్రాసినది గనుక అక్షరమక్షరము ఆయన మాటయని చెప్పరాదు. అయినను ఆ ఇంటి గాలి అందు గలదు. అది 3,700 గంటల టేపులో అప్పుడప్పుడు మాత్రమే తగులును.

యంత్రముకంటె చేతివ్రాతయే నిలిచిన సందర్భ మొకటి కాంప్ డేవిడ్‌లోను గలదు. 1973 ఏప్రిల్ 29న నిక్సన్ ఆస్పెన్ లాడ్జికి తన ఇద్దరు ముఖ్యానుచరులను, హాల్డెమన్‌ను, ఎర్లిక్‌మన్‌ను పిలిపించి రాజీనామా చేయుమని చెప్పెను. ఆ గదిలో జరిగిన సంభాషణలన్నిటిలోను బరువైనది అదే. అప్పటికే చదువుగదిలోని మైక్రోఫోనులు తీసివేయబడినవి. టెలిఫోనులకు మాత్రమే యంత్రము మిగిలియున్నది. అందుచే ఎవరిని పంపవలెనన్న లెక్కలు, పత్రికలపై తిట్లు మనకు మిగిలినవి గాని ఆ వీడ్కోలు ధ్వనిగా మిగులలేదు. ముందటిరాత్రి పండుకొనునప్పుడు తెల్లవారి మేలుకొనకుండిన బాగుండునని కోరుకొంటినని అతడు చెప్పినట్లు హాల్డెమన్ తన దినచర్యలో నమోదు చేసెను. ఆ దినచర్య 1994లో అచ్చైనది. ఆ గదిలో మాటలాడినవారి కంఠములు వినగోరువారు నేటికిని తక్కిన దినముల ముద్రికలనే వినవలసియున్నది.