ధాతువు, అస్థి, అద్దాల బీరువా: పోర్ట్ బ్లెయిర్ మానవశాస్త్ర ప్రదర్శనశాలపై ఒక విమర్శ

బెంగాలీ, తమిళం, హిందీలతో సమానంగా తెలుగు వినిపించే అంగడి వీధి అబర్డీన్ బజారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వలస వచ్చిన కుటుంబాలు తరతరాలుగా అక్కడ స్థిరపడి ఉన్నాయి. ఆ బజారు గడియార స్తంభానికి నడక దూరంలో, ఫీనిక్స్ బే వైపు, భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ నిర్వహిస్తున్న ప్రదర్శనశాల ఉంది. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది. ప్రదర్శనశాల మాత్రం ఆ పేర్లన్నిటికంటె పాతవారైన ద్వీపవాసుల వస్తువులను భద్రపరుస్తున్నది. దానిని యాత్రికుల దర్శనీయ స్థలాల జాబితాలో ఒకటిగా చూసి వదలివేయడం తగదు. ప్రాచీన వస్తువులను, ముఖ్యంగా మృతుల అవశేషాలను, ఏ దృష్టితో చూడవలెనన్న ప్రశ్న అక్కడ ఉన్నంత నిశితంగా మన దేశంలో అరుదుగా ఎదురవుతుంది.

ఈ సేకరణ చరిత్ర ద్వీపాల వలస పాలన చరిత్రతో ముడిపడి ఉన్నది. 1858లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ శిక్షాస్థావరం నెలకొల్పింది. మరుసటి సంవత్సరం అబర్డీన్ వద్ద అండమానీలకు, బ్రిటిష్ బలగాలకు పోరు జరిగింది. తరువాతి దశాబ్దాలలో ద్వీపవాసుల ధనుర్బాణాలు, బుట్టలు, ఆభరణాలు సముద్రం దాటి వెళ్లాయి. 1869లో ఇక్కడికి వచ్చిన అధికారి ఎడ్వర్డ్ హొరేస్ మన్ సేకరించిన వస్తువులు ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ ప్రదర్శనశాలకు, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. 1890లలో పోర్ట్‌మన్ తీసిన ఛాయాచిత్రాలదీ అదే దారి. వస్తువులు ఇట్లా వెళ్తూ ఉండగా వాటిని చేసిన మనుషులు తరిగిపోయారు. 1901 జనగణనలో గ్రేట్ అండమానీలు 625 మంది; 1961లో 19 మంది.

ఆంధ్ర బౌద్ధ చరిత్ర తెలిసినవారికి ఈ కథ కొత్తది కాదు. 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించిన శిల్పఫలకాలు మొదట మద్రాసుకు, 1859లో లండన్‌కు తరలిపోయాయి. కృష్ణాతీరపు స్తూపమూ, అండమాన్ అడవిలోని విల్లూ ఒకే సామ్రాజ్యపు ఓడలలో ప్రయాణించాయి. తేడా ఒక్కటే: అమరావతి శిల్పాలు కాలక్రమాన ‘కళ’గా గుర్తింపు పొందాయి, అండమాన్ వస్తువులు ‘జాతి పరిచయం’ అన్న గదిలోనే ఉండిపోయాయి.

భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ 1945లో ఏర్పడింది. దాని ప్రాంతీయ కేంద్రం 1951లో పోర్ట్ బ్లెయిర్‌లో ఆరంభమైంది. ఆ కేంద్రపు క్షేత్ర పరిశోధనల నుంచి పెరిగిన సేకరణే నేటి ప్రదర్శనశాలకు ఆధారం. వస్తువు పుట్టిన చోటికి దగ్గరగా, పుట్టించిన సముదాయాలు నేటికీ జీవిస్తున్న ద్వీపాలలోనే దానిని ఉంచడం ఈ సంస్థ చేసిన మొదటి మేలు. అండమానీల బుట్ట ఆకృతిని తెలుసుకొనుటకు లండన్ వెళ్లనవసరం లేదు.

ప్రదర్శన సముదాయాల వారీగా సాగుతుంది: గ్రేట్ అండమానీలు, ఓంగీలు, జరావాలు, సెంటినలీలు, నికోబారీలు, షోంపెన్లు. జరావాల చెట్టుబెరడు వక్షకవచం మీద గీసిన రేఖాగణిత నమూనాల ముందు నిలిచినవారికి, ఇది కేవలం ఉపకరణం కాదన్న సంగతి వెంటనే బోధపడుతుంది. శరీరాన్ని కాపాడే వస్తువు మీద లయబద్ధమైన రేఖను నింపిన చేయి శిల్పి చేయి. నికోబారీల దారుమూర్తులూ అంతే. రోగకారకాలైన భూతాలను బెదరించుటకు వైద్యుని ఆదేశంపై చెక్కే ఈ బొమ్మలలో కళ్లూ, నోరూ, చాచిన చేతులూ ఒకే ఉద్దేశానికి కట్టుబడి ఉంటాయి. అలంకారం కోసం చేసిన గీత అందులో కనిపించదు.

ఇక్కడే మొదటి విమర్శ. ఆ మూర్తికి పని ఉన్నది. పని తీరిన తరువాత, లేదా ఫలితం కనబడనప్పుడు, దానిని వదిలివేసేవారు. శాశ్వతత్వం దాని లక్షణం కాదు. అద్దాల బీరువా దానికి శాశ్వతత్వాన్ని ప్రసాదించి, పనిని తీసివేసింది. ఏ వ్యాధికి, ఏ ఊరిలో, ఎవరి కోరికపై చెక్కినదో తెలియని మూర్తి ‘నికోబారీ మూర్తి’ అన్న జాతివాచకంగా మిగులుతుంది. అమరావతి ఫలకాలపై దాతల పేర్లు, వృత్తులు, ఊళ్లు చెక్కి ఉన్నందున రెండువేల ఏళ్ల తరువాత కూడా ఆ స్తూపం వ్యక్తుల సృష్టిగా నిలిచింది. నికోబార్ శిల్పికి శాసనం లేదు. కనుక ఆ బాధ్యత సేకరించినవానిపై పడుతుంది. సేకరించిన సంవత్సరం, గ్రామం, సందర్భం, మార్పిడిగా ఇచ్చినది ఏమి అన్న నాలుగు వివరాలు వస్తువు పక్కన ఉంటే, జాతివాచకం మళ్లీ వ్యక్తివాచకం కాగలదు.

రెండవ విమర్శ కాలానికి సంబంధించినది. సముదాయాల వారీ అమరిక ద్వీపవాసులను కాలం తాకని మనుషులుగా చూపుతుంది. దీనికి బలమైన ప్రత్యాఖ్యానం ఒక బౌద్ధ భిక్షువు రచనలోనే లభిస్తుంది. 673 ప్రాంతంలో కెడా నుంచి తామ్రలిప్తికి ప్రయాణిస్తూ ఇ-త్సింగ్ ‘నగ్నుల దేశం’ మీదుగా వచ్చాడు; పండితులు పలువురు దానిని నికోబార్‌గా గుర్తించారు. ద్వీపవాసులు పడవలలో ఎదురువచ్చి కొబ్బరికాయలు, అరటిపండ్లు, వెదురు వస్తువులు చూపి, బదులుగా ఇనుమును కోరుకున్నారని ఆయన వ్రాశాడు. బేరానికి రాని ఓడపై విషబాణాలు వేస్తారనీ చెప్పాడు. ఆయన చూచినవారు వేరే లోకపు వింతజీవులు కారు. తమకు కావలసిన లోహమేదో తెలిసిన, దాని విలువను లెక్కించగల వర్తకులు. 1981లో ఉత్తర సెంటినల్ ద్వీపం వద్ద పగడపు దిబ్బపై చిక్కిన ప్రింరోజ్ ఓడ నుంచి సెంటినలీలు ఇనుమును తీసుకొని వాడుకున్నారు. పదమూడు శతాబ్దాల ఎడంలో కనిపించే ఈ రెండు ఘట్టాల మధ్య ఒక చరిత్ర ఉన్నది. ఇనుప మొన గల బాణాన్ని ఆదిమత్వానికి గుర్తుగా కాక, సముద్ర వాణిజ్య చరిత్రకు సాక్ష్యంగా చూపగల ప్రదర్శనశాల ఇంతకంటె గొప్పది కాగలదు.

మూడవ విమర్శ అన్నిటికంటె గంభీరమైనది. అండమానీలు మరణించిన బంధువుల ఎముకలను, కపాలాలను భద్రపరచి, రంగు పూసి, మాలలుగా కట్టి ధరించేవారు. అది శోకానికి రూపం, రక్షణకు ఆశ్రయం. ఇట్టి అస్థులు నేటికీ లోకంలోని పలు ప్రదర్శనశాలల అధీనంలో ఉన్నాయి. వాటిని ‘విచిత్రాచారం’ అన్న మాటతో దాటవేయడం స్తూపాన్ని ఎరిగిన సమాజానికి సాధ్యం కాదు. మృతుని అస్థిలో సన్నిధిని చూచుట బౌద్ధులకు పరాయి భావన కాదు. భేదం సిద్ధాంతంలో ఉండవచ్చు. బుద్ధధాతువు ముక్తపురుషునిది, అండమానీల అస్థి ఇంటి మనిషిది; ఒకటి సంఘమంతటికీ పూజ్యం, మరొకటి ఒక తల్లికో బిడ్డకో ఆప్తం. అయితే రెండింటి ముందూ కోరబడే సంయమనం ఒక్కటే.

ఈ విషయంలో తెలుగునేల నుంచే ఒక పూర్వోదాహరణ ఉన్నది. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపంలో ధాతుకరండాలను వెలికితీశాడు. శాసనాలు గల ఆ కరండాలు మద్రాసు ప్రదర్శనశాలకు చేరాయి. ధాతువు మాత్రం మహాబోధి సభకు అందించబడి, 1920లో కలకత్తాలోని ధర్మరాజిక విహారంలో ప్రతిష్ఠితమైంది. కరండం పరిశోధకునికి, ధాతువు ఉపాసకునికి అన్న విభజనను వలస ప్రభుత్వమే ఆనాడు అంగీకరించింది. పిప్రహ్వాలో 1898లో ధాతువులతో పాటు లభించిన రత్నాలు 2025లో వేలానికి వచ్చినప్పుడు బౌద్ధలోకం ఆక్షేపించింది; వేలం ఆగి, అవి భారతదేశానికి తిరిగివచ్చాయి. తన ధాతువుల విషయంలో అంతటి ఆర్తిని చూపిన సమాజం, నోరెత్తలేని అల్పసంఖ్యాకుల పితృదేవతల అస్థుల విషయంలో మౌనం వహించడం ధర్మం అనిపించుకోదు. పిట్ రివర్స్ ప్రదర్శనశాల 2020లో మానవావశేషాలను ప్రదర్శన నుంచి తొలగించింది. సేకరించుకొని పోయినవారే ఆ అడుగు వేసిన తరువాత, స్వదేశీ సంస్థలకు వెనుకాడుటకు కారణం లేదు.

అనుమతి ఎవరిని అడగవలెను అన్న ప్రశ్న న్యాయమైనదే. సెంటినలీలను అడుగుటకు వీలు లేదు. వారి ద్వీపానికి వెళ్లడమే చట్టవిరుద్ధం, అది అట్లే ఉండవలెను. అడుగుటకు వీలు లేనిచోట చూపకుండుటయే మర్యాద. గ్రేట్ అండమానీల సంగతి వేరు. వారి సంతతి స్ట్రెయిట్ ద్వీపంలోనూ, పోర్ట్ బ్లెయిర్‌లోనూ ఉన్నది. 2010లో బోవా సీనియర్ మరణంతో అకా-బో భాష చివరి వక్తను కోల్పోయింది. అయినా ఆ సముదాయం అంతరించలేదు. తమ పూర్వుల వస్తువులలో ఏది అందరూ చూడదగినది, ఏది తమకు మాత్రమే దర్శనీయం అని చెప్పవలసినవారు వారే. ఆ సంప్రదింపు జరిగిన నాడు, ఫలితం బీరువాలో కొంత ఖాళీగా కనబడినా, అది లోపం కాదు.

ఈ ప్రదర్శనశాల సేకరణ విలువైనది. దానిని కాపాడిన పరిశోధకుల శ్రమ ఆదరణీయం. వక్షకవచాన్ని కళగానూ, బాణపు మొనను చరిత్రగానూ, అస్థిని ధాతువుగానూ చూడగల దృష్టి దానికి తోడు కావలెను. అందుకు కావలసిన పదజాలం బౌద్ధ విద్య వద్ద సిద్ధంగా ఉన్నది. దానిని సముద్రం దాటించి ఆ ద్వీపాలకు చేర్చుట ఈ విద్యను అభ్యసించేవారి పని.