చందుపట్ల బంటు రాయించిన తేదీ

వరంగల్లులో ఎవరిని కదిపినా రుద్రమదేవి గురించి గంటసేపు చెబుతారు. ఆమె ఏ ఏడాది కన్నుమూసిందని అడిగితే మాత్రం గొంతులో పచ్చి వెలక్కాయ పడుతుంది. ఈ చిన్న పుస్తకం రాసిన హనుమకొండ అమ్మాయి సరిగ్గా ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టింది. 2039తో రాణి పోయి 750 ఏళ్లు నిండుతాయి, అప్పటికి కేంద్రం ఆమె పేర స్మారక నాణెం వెయ్యాలన్నది రచయిత్రి విన్నపం. విన్నపాలకు మనకేం కరువు? ఆధారం చేతబట్టుకుని వచ్చేవే అరుదు.

ఆ ఆధారం ఓరుగల్లు కోటలో దొరికింది కాదు. నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఉన్న శాసనం, 1289 నవంబరు నాటిది. రాయించినవాడు రాజూ కాదు, మంత్రీ కాదు, పువ్వుల ముమ్మడి అనే బంటు. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారనీ, వారి పుణ్యానికి సోమనాథదేవరకు భూమి ఇచ్చాననీ చెక్కించాడు. తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడి మీదికి వెళ్లిన పోరులోనే రాణి ఒరిగిందని చరిత్రకారుల ఊహ. శాసనం ఆ సంగతి ఎత్తదు. తన ఏలినవారు పోయారు, తనకున్నంతలో దానం చేశాడు, అంతే. పుట్టిన ఏడాదికి ఇంత గట్టి సాక్ష్యం లేదు గనక జయంతి మాట వదిలి ఈ తేదీనే పట్టుకోవాలంటుంది రచయిత్రి. నా ఓటూ దానికే. నాణెం మీద తప్పు ఏడాది పడితే, తప్పొప్పుల పట్టిక అతికించడానికి అదేమీ పుస్తకం కాదు కదా!

ఇలాంటి నాణేలకు దారి ఎప్పుడో పడింది. తంజావూరు పెద్దగుడికి వెయ్యేళ్లు నిండాయని వెయ్యి రూపాయల నాణెం వేశారు. గురునానక్ 550వ జయంతికి 550 రూపాయలది వచ్చింది. 2025 జులైలో గంగైకొండ చోళపురంలో రాజేంద్ర చోళుడి నాణెం విడుదలైంది. 2023లో రాష్ట్రపతి చేతుల మీదుగా వచ్చిన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం మన హైదరాబాద్ టంకశాలలోనే తయారైంది. 1903లో సైఫాబాద్‌లో వెలిసి, 1997లో చర్లపల్లికి మారిన టంకశాల అది. అక్కడి నాణెమైతే ఏడాది అంకె కింద చిన్న నక్షత్రం ఉంటుంది. 750 రూపాయల నాణెం మీద ‘2039’ కింద ఆ చుక్క ఉండాలని రచయిత్రి కోరిక. గెజిట్ ప్రకటన దాకా దరఖాస్తు నడిచే దారిని ఆమె వివరంగానే రాసింది. ఆ భాగం కాస్త పొడిపొడిగా ఉంది, పాఠకులు ఓర్చుకోవాలి.

నాకు బాగా నచ్చింది మోటుపల్లి రేవు అధ్యాయం. రుద్రమ తండ్రి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో సముద్ర వర్తకులకు అభయమిచ్చాడు. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు లాక్కోబోమని మాటిచ్చి, సుంకం ఎంతో రాతి మీదే రాయించాడు. కర్పూరం, ముత్యాలు, పట్టు, మిరియాలు, పోకచెక్కలు అన్నీ అక్కడ గద్యాణాల లెక్కలో, పణాల లెక్కలో కనబడతాయి. కాకతీయుల నాణేలు మన చేతికి దక్కినవి కొద్ది, వాటి పేర్లు మాత్రం శాసనాల నిండా ఉన్నాయి. తండ్రి కాలపు ఈ లెక్కలన్నీ కూతురి నాణెం కోసం వెతికి పట్టింది ఈ అమ్మాయి.

నాణెం మీది బొమ్మ దగ్గర మాత్రం మాకు చుక్కెదురు. కూడళ్లలోని విగ్రహాల పోలికతో రాణి ముఖాన్ని వెయ్యమంటుంది తను. ఆ ముఖాలు మన శిల్పుల భక్తికొద్దీ వచ్చినవి, ఆమెవి కావు. వరంగల్ జిల్లా బొల్లికుంటలో రుద్రమవిగా 2017లో పురావస్తు శాఖవారు గుర్తించిన శిల్పాలు రెండున్నాయి. ఒకదాంట్లో గుర్రం మీద ఉంది, చేత కత్తి, తలపైన గొడుగు. రెండోదాంట్లో గొడుగు లేదు. అలసి ఒరిగినట్టు కూర్చుంది, కింద యముడి వాహనం దున్నపోతు. మొదటి బొమ్మ నాణేనికి చాలు. నలభై నాలుగు మిల్లీమీటర్ల వెడల్పులో గుర్రం, గొడుగు ఇమడవని రచయిత్రి వాదించింది. టంకశాల చిత్రకారులు ఇంతకంటే చిక్కువి ఇమిడ్చారు, వాళ్లనే అడగమన్నాను. కీర్తితోరణం జోలికి పోవద్దనీ చెప్పాను. అది మన రాష్ట్ర చిహ్నంలో ఎటూ ఉంది.

దరఖాస్తుకు వరంగల్ పెద్దల సంతకాలు ఎలాగూ వస్తాయి. దాంతోపాటు చందుపట్ల గ్రామ పంచాయతీ తీర్మానం, శాసనపు అచ్చుప్రతి జతచెయ్యమని నా సలహా. ఆ రెండూ పై వరసలో ఉండాలి.