పసుపు చుక్కల తెల్లని వెలుగు

స్విచ్ వేశాక నీ కోసం ఎదురుచూడక్కర్లేదు. ఎల్‌ఈడీ ట్యూబూ, నీ మొదటి గొప్ప అదే.

నీకంటే ముందు ఆ ఫ్రేములో వెలిగిన మీ పెద్దక్కను, ఆ పాత ట్యూబ్‌లైటును, మేం మరిచిపోలేదు. సాయంత్రం వోల్టేజి పడిపోతే ఆ చివరా ఈ చివరా ఎర్రబడి, నాలుగుసార్లు ఉలిక్కిపడి, మళ్లీ నిద్రలోకి జారుకునేది. చోక్ జుమ్మని మూలిగేది. నాన్న స్టూలెక్కి స్టార్టర్‌ని అటూ ఇటూ తిప్పుతుంటే, మర్నాటి లెక్కల పరీక్ష ఒళ్లో పెట్టుకుని మేం మెడలెత్తి చూసేవాళ్లం. జోకు ఆలస్యంగా వెలిగినవాణ్ణి ‘ట్యూబ్‌లైట్’ అన్నామంటే ఊరికే అన్నామా! ఆ తిట్టు ఇంకా బతికే ఉంది. నీకు మాత్రం అతకదు.

ఆమధ్య పాడైపోయిన నీ తోబుట్టువు ఒంటి మీది పాలరంగు ప్లాస్టిక్ కవరు లాగి చూశాను. సన్నటి పట్టీ మీద వరసగా పసుపు చుక్కలు, పెసరపప్పు బద్దలు అంటించినట్టు. తెల్లగా వెలిగేదానికి ఈ పసుపేమిటి? నీ గుట్టంతా అక్కడే ఉంది. ఆ పసుపు పూత కింద గాలియం నైట్రైడ్ పొరలు. కరెంటు పారగానే ఎలక్ట్రాన్లు వచ్చి అక్కడి ఖాళీల్లో కుదురుకుంటాయి. కుదురుకుంటూ తమ దగ్గర మిగిలిన శక్తిని నీలి వెలుగుగా వదిలేస్తాయి. ఆ నీలంలో కొంత పూతలో ఇంకి పసుపై వస్తుంది, కొంత నీలంగానే దాటుతుంది. రెండూ కలిస్తే మన కంటికి తెలుపు. కంటికి కనబడే ఎర్ర ఎల్‌ఈడీ 1962లోనే వచ్చింది. బాగా వెలిగే నీలానికి మరో 30 ఏళ్లు పట్టింది. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ ఇచ్చారు. ఇవ్వరూ మరి!

అక్క 40 వాట్లు తాగేది, చోక్ మరో పది. నీకు 20 చాలు. రోజుకు ఆరు గంటలు వెలిగినా నెలకు ఐదు యూనిట్ల పైనే మిగులుస్తావు. వెలుగులో సగం పైకప్పుకు ధారపోయవు, పుస్తకం ఉన్న వైపే చూస్తావు. తొలకరికి ఉసిళ్లు నీ దగ్గరికీ వస్తాయి, అది వేరే సంగతి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోను: పెట్టె మీద అచ్చేసిన నీ ఆయుష్షు. చుక్కలకేం, నిక్షేపంగా ఉంటాయి. ఇంటి కరెంటును డీసీగా మార్చే డ్రైవరు ముందు పోతుంది. వేడికి అందులోని కెపాసిటర్ ఎండిపోతుంది. నీ తోబుట్టువు పోయిందీ అలాగే.

అన్నట్టు పాఠకులారా, మీ ఇంటి అటక మీద పాత ట్యూబులుంటే పిల్లల చేతికివ్వకండి, పగలగొట్టి చెత్తలో వేయకండి. వాటిలో పాదరసం ఉంటుంది. ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వండి.